చిన్న కార్డు చాలు

బస్తరు చలికి గీదంలో నెగడు చుట్టూ చేరామంటే కబుర్లకు కొదవుండదు. కిరండూల్ రైలు ఎంత ఆలస్యంగా వచ్చింది, బీజాపూర్ రోడ్డు ఎక్కడ తవ్వి పెట్టారు, ధాన్యం ఎప్పుడు తూస్తారు, పిల్లల పరీక్షలెప్పుడు. ఇవన్నీ అయ్యాక ఈ మధ్య ఇంకో ప్రశ్న కూడా తప్పకుండా వస్తోంది. "అన్నా, మా సిస్టమ్‌లో విండోలు సాఫీగా తెరుచుకోవట్లేదు. కదిపితే ఆగి ఆగి కదులుతున్నాయి. గ్రాఫిక్స్ కార్డు వేయించాలంటున్నారు. తక్కువలో ఏది మంచిది?"

మీలోనూ ఈ సందేహం ఉన్నవాళ్లుంటారు. అందుకే ఇవాళ్టి కబుర్లు దీని మీదే.

గీదం ఎక్కడో తెలియనివాళ్లకు నాలుగు మాటలు చెప్తాను. ఇది దంతెవాడ జిల్లాలో ఉంది. జగదల్పూర్ నుంచి వచ్చే రోడ్డు ఇక్కడే రెండుగా చీలుతుంది. ఒక పాయ దంతెవాడ, బచేలి, కిరండూల్ వైపు పోతుంది. రెండోది బీజాపూర్, భోపాల్‌పట్నం మీదుగా గోదావరి వైపు సాగుతుంది. బైలాడిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం కూడా మా ఊరి మీదుగానే పోతుంది. ఆ రైలు మార్గం వెంట, ఎన్‌ఎమ్‌డీసీ గనుల వెంట వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, సంతలో హల్బీ, గోండీ. పిల్లలు జావంగా ఎడ్యుకేషన్ సిటీలో చదువుకుంటారు. ధ్రువపత్రాలకు చాయిస్ సెంటర్‌కు వెళ్తాం. అక్కడా, మన ఇళ్లలోనూ ఉండే సిస్టమ్‌లు ఎక్కువగా ఒకే రకం. ఏదో ఆఫీసులో ఏళ్లపాటు వాడి తీసేసిన సన్నపాటి డబ్బా, లేదంటే తెలిసినవాళ్లు విడిభాగాలు తెచ్చి బిగించి ఇచ్చిన క్యాబినెట్. ఇలాంటి సిస్టమ్‌లున్న ఊళ్లలో ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. రెండు వేలు అనవసరంగా ఖర్చయితే ఇక్కడి ఇంట్లో అది లోటుగానే తెలుస్తుంది.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. విండో మూసినప్పుడు మెల్లగా కుంచించుకుపోవడం, నీడలు పడటం, వెనకున్నది మసకగా కనిపించడం, ఒక మీట నొక్కితే తెరిచి ఉన్నవన్నీ చిన్న బొమ్మలుగా పరుచుకోవడం, ఎఫెక్ట్స్ అనే వీటిని చాలామంది ఉత్త హంగులంటారు. సిస్టమ్ నెమ్మదించిందని బాగుచేసేవాడికి చూపిస్తే అతను చేసే మొదటి పని వీటన్నిటినీ ఆపేయడమే. నేను ఒప్పుకోను. యాభై దాటాక కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లను గమనించండి. విండో టక్కున మాయమైతే "పోయింది, రాసిందంతా పోయింది" అని కంగారు పడిపోతారు. అదే విండో కిందికి జారుతూ టాస్క్‌బార్‌లో కలిసిపోవడం కళ్లారా చూస్తే ఎక్కడుందో తెలుస్తుంది, మళ్లీ అక్కడే నొక్కి తెచ్చుకుంటారు. కంటికి ఆనవాలు దొరికితే చేతికి ధైర్యం వస్తుంది.

ఇక అక్షరం పెద్దది చేసుకునే సంగతి. తెర మీద తెలుగు చదవడం పెద్దవాళ్లకు ఎంత కష్టమో మనకు తెలుసు. వత్తు కింద నలిగిపోతుంది. 'థ'లో చుక్క ఉందో లేదో ఆనదు, అది 'ధ' అనుకుని చదివేస్తారు. తెర మొత్తాన్ని అలాగే దగ్గరికి లాక్కుని చూసే భూతద్దం విండోస్‌లోనూ ఉంది, లినక్స్‌లోనూ ఉంది. విండోస్‌లో విండోస్ మీట, ప్లస్ మీట కలిపి నొక్కితే వస్తుంది. విండోస్ 7 రోజుల్లో ఈ భూతద్దం తెర నిండుగా పనిచేయాలంటే ఏరో అనే ఎఫెక్ట్స్ ఆన్‌లో ఉండి తీరాలి. ఎఫెక్ట్స్ నడవని సిస్టమ్‌లో చూపు తగ్గినవాళ్లకు ఆ సౌకర్యమూ సరిగ్గా అందేది కాదు. అందుకే దీన్ని సోకు అని కొట్టిపారేయకండి. కదిలే బొమ్మలు చూస్తే కళ్లు తిరిగేవాళ్లు కొందరుంటారు. వాళ్లకోసం యానిమేషన్లు తగ్గించే మీట సెట్టింగుల్లోనే ఉంది. వాళ్లు నిరభ్యంతరంగా ఆపుకోవచ్చు.

అసలు ఈ పనిలో కార్డుకు ఏం సంబంధం? పాత కంప్యూటర్లలో ప్రతి ప్రోగ్రామూ తన బొమ్మను నేరుగా తెర మీదే గీసేది. పై విండోను పక్కకు జరిపితే కింద బయటపడ్డ చోటును కింది ప్రోగ్రామ్ మళ్లీ గీసుకోవాలి. అది పనిలో మునిగి ఉంటే తెల్లటి మరకలు, ఈడ్చుకుపోయిన జాడలు మిగిలేవి. విండోస్ ఎక్స్‌పీ వాడినవాళ్లందరూ ఆ జాడలు చూసినవాళ్లే. ఇప్పటి పద్ధతి మన తోలుబొమ్మలాటకు దగ్గరగా ఉంటుంది. ఒక్కో విండో ఒక్కో బొమ్మ. ముందే విడిగా తయారై ఉంటుంది. ఆడించేవాడు దాన్ని ముందుకు తేవచ్చు, వెనక్కి జరపవచ్చు, ఒకదాని మీద ఒకటి ఉంచవచ్చు, బొమ్మను మళ్లీ చేయక్కర్లేదు. ఆ ఆడించే ప్రోగ్రామ్ పేరు కంపోజిటర్. సెకనుకు 60 సార్లు బొమ్మలన్నీ పేర్చి తెరకు పంపడం దాని పని. లెక్క పెద్దదే అయినా కష్టమైంది కాదు. ఒకే తీరు పనిని తెర మీది లక్షల చుక్కల మీద ఒకేసారి చేయడం గ్రాఫిక్స్ చిప్‌కు పుట్టుకతో వచ్చిన విద్య.

ఎంత పని అంటారా? మన ఇళ్లలో సాధారణంగా ఉండే మానిటర్ 1920 అడ్డం, 1080 నిలువు. అంటే 20,73,600 చుక్కలు. చుక్కకు 4 బైట్లు. ఒక తెర నిండా బొమ్మకు సుమారు 83 లక్షల బైట్లు, అంటే 8 మెగాబైట్లు. సెకనుకు 60 సార్లంటే దాదాపు 50 కోట్ల బైట్లు. నాలుగైదు పొరలు ఒకదాని మీద ఒకటి కలుపుతూ, చదువుతూ, రాస్తూ పోయినా సెకనుకు 500 కోట్ల బైట్లు అనుకోండి, అంటే 5 గిగాబైట్లు. బజారులో దొరికే కార్డుల్లో దాదాపు అట్టడుగున ఉన్న జీఫోర్స్ జీటీ 710 కూడా సెకనుకు 14.4 గిగాబైట్లు మోయగలదు. పైగా కంపోజిటర్ తెలివైనది. మారిన చోటును మాత్రమే మళ్లీ పేరుస్తుంది.

చరిత్ర చూసినా ఇదే తేలుతుంది. ఆపిల్ 2002లో మ్యాక్ తెరను పేర్చే పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించినప్పుడు కనీసం అడిగింది 16 మెగాబైట్ల మెమరీ. 2006లో నోవెల్ సంస్థలో పనిచేస్తున్న డేవిడ్ రెవెమన్ లినక్స్ కోసం కాంపిజ్ అనే కంపోజిటర్ రాశాడు. తెరను ఘనంలా తిప్పడం, లాగితే విండో జెల్లీలా ఊగడం చూసి ప్రపంచమంతా ముచ్చటపడింది. అప్పటికి ఇళ్లలో ఉన్న మామూలు కార్డులే దాన్ని నడిపాయి. 2007 జనవరి చివర విండోస్ విస్టా బజారులోకి వచ్చింది. ఏరో అద్దం సొగసు కావాలంటే డైరెక్ట్‌ఎక్స్ 9 కార్డు కావాలన్నారు. మెమరీ మాత్రం 1280×1024 తెరకు 64 మెగాబైట్లు, 1920×1200 దాకా 128 మెగాబైట్లు చాలన్నారు. ఇవాళ బ్రౌజర్లూ వీడియోలూ కూడా కార్డు మెమరీని వాడుకుంటాయి కాబట్టి అంతకన్నా ఎక్కువే ఉండాలి. కానీ 2 జీబీ దగ్గర ఆగిపోవచ్చు. ఎఫెక్ట్స్ కోసం 4 జీబీ కార్డు కొనమని ఎవరైనా చెప్తే వినకండి.

విస్టా పేరెత్తాం కాబట్టి ఒక సంగతి చెప్పి తీరాలి. విస్టా రాకముందే, 2006లో, దుకాణాల్లోని కంప్యూటర్లకు విస్టా నడుస్తుందని చెప్పే స్టిక్కర్లు అంటించి అమ్మారు. ఇంటెల్ 915 చిప్‌సెట్ ఉన్నవాటిలో విస్టా అయితే నడిచింది, ఏరో మాత్రం రాలేదు. విస్టా కోరిన కొత్త తరహా డ్రైవర్, అంటే చిప్‌ను నడిపించే ప్రోగ్రామ్, దానికి రాకపోవడమే కారణం. దీని మీద 2007లో అమెరికాలో కొనుగోలుదారులు కోర్టుకెక్కారు. ఇన్నేళ్లయినా ఈ కథ పాతబడలేదు. చిప్ శక్తి ఎంతైనా, దానికి డ్రైవర్ ఉందా, ఇంకా ఎన్నాళ్లు వస్తుంది అన్నదే మన పని జరుగుతుందో లేదో తేలుస్తుంది. ఇవాళ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఈ ఒక్క ముక్కే. కొనేవాళ్లలో చాలామంది జీబీలు అడుగుతారు, డ్రైవర్ సంగతి అడగరు.

ఇప్పుడు మీ సిస్టమ్ దగ్గరికి వద్దాం. కార్డు కొనేముందు ఉన్నది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడండి. 2011 నుంచి ఇళ్లకూ ఆఫీసులకూ వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటిలో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది, అది ఎఫెక్ట్స్‌కు చాలు. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఏముందో చదవండి. అక్కడ మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే అసలు డ్రైవరే ఎక్కలేదన్నమాట. గ్రాఫిక్స్ పనంతా పాపం ప్రాసెసరే లాక్కొస్తోంది. సరైన డ్రైవర్ వేయండి, ఖర్చు లేకుండా జబ్బు నయమవుతుంది. లినక్స్‌లో సిస్టమ్ వివరాల్లో గ్రాఫిక్స్ దగ్గర ఎల్‌ఎల్‌వీఎమ్ పైప్ అని కనిపిస్తే అదే రోగం.

డ్రైవర్ ఉన్నా నత్తనడకే అంటే క్యాబినెట్ తెరిచి ర్యామ్ చూడండి. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, సిస్టమ్ ర్యామ్‌నే పంచుకుంటుంది. చాలా డబ్బాల్లో రెండు స్లాట్లుంటే ఒకదాంట్లోనే 4 జీబీ ర్యామ్ ఉంటుంది, రెండోది ఖాళీ. ఆ ఖాళీలో అదే రకం ఇంకొకటి పెడితే ర్యామ్ రెట్టింపవుతుంది, గ్రాఫిక్స్ మెమరీని అందుకునే దారి కూడా రెండింతలవుతుంది. ఇంకా తిరిగే హార్డ్ డిస్కే ఉంటే దాని బదులు ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టండి. చవక కార్డు డబ్బుతో ఈ రెండిట్లో ఏది చేసినా కార్డు కన్నా ఎక్కువ హాయి దొరుకుతుంది. గ్రాఫిక్స్ నెమ్మది అని చాలామంది చెప్పే ఫిర్యాదు నిజానికి డిస్కు నెమ్మదే.

మరి కార్డు నిజంగా ఎవరికి కావాలి? ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' ఉన్న ఇంటెల్ సిస్టమ్‌వాళ్లకు, ఉదాహరణకు ఐ5 9400ఎఫ్. 2019 నుంచి వస్తున్న ఈ రకంలో లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు. కొంచెం చవక కాబట్టి బిగించేవాళ్లు ఇవే పెడతారు. ఏఎమ్‌డీ రైజెన్‌లో 7000 వరస వచ్చేదాకా చివర 'జీ' ఉన్నవాటిలోనే గ్రాఫిక్స్ ఉండేది, మిగతావాటికి కార్డు కావాలి. కోర్ 2 డుయో, జీ31 బోర్డుల కాలం డబ్బా ఇంకా నడిపిస్తున్నవాళ్లకూ కార్డు ఊరటనిస్తుంది. ఇంకొందరు పెద్ద 4కే టీవీనే మానిటర్‌గా పెట్టుకుంటున్నారు. పాత డబ్బాలోని హెచ్‌డీఎమ్ఐ 4కేకు సెకనుకు 30 బొమ్మలకు మించి పంపలేదు. మౌస్ బాణం తడబడుతూ నడుస్తుంది. వాళ్లకూ కార్డు అవసరమే.

విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది. కార్డు వేస్తే పాత సిస్టమ్‌కు విండోస్ 11 వస్తుందని కొందరు ఆశపడుతున్నారు. అది జరగదు. మైక్రోసాఫ్ట్ అడిగేవాటిలో టీపీఎమ్ 2.0 అనే భద్రతా సౌకర్యం, కొత్త తరం ప్రాసెసర్ కూడా ఉన్నాయి. ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం నుంచే. కార్డు ఆ లోటు తీర్చలేదు. అలాంటి డబ్బాను పారేయకుండా లినక్స్ వేసుకోమని నా సలహా. సినమన్ డెస్క్‌టాప్ ఉన్న లినక్స్ మింట్ మనవాళ్ల చేతికి తొందరగా అలవాటవుతుంది. కాంపిజ్ నాటి ఘనం మీద మోజున్న కుర్రాళ్లకు కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్ ఉంది. మధ్యలో తీసేసిన ఆ ఘనాన్ని 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్మా 6లో మళ్లీ పెట్టారు. హైదరాబాదులోని స్వేచ్ఛ అనే సంస్థవాళ్లు లినక్స్‌కు తెలుగు ముఖం ఇవ్వడానికి ఏళ్ల తరబడి పాటుపడ్డారు. ఆ కష్టం మన ఇళ్లలోకి రావాలంటే ముందు తెర సాఫీగా కదలాలి.

కార్డు పేర్ల దగ్గర జాగ్రత్తగా ఉండండి. మోసం జరిగేది ఇక్కడే. ఎన్విడియా జీటీ 730 అని అడుగుతారు. ఆ ఒక్క పేరు మీద మూడు రకాలు వచ్చాయి. రెండింట్లో కెప్లర్ తరం చిప్ ఉంటుంది, వాటిలో ఒకటి డీడీఆర్3 మెమరీతో, ఇంకొకటి వేగమైన జీడీడీఆర్5తో. మూడోది అంతకు ముందు తరం ఫెర్మీ చిప్. కార్డు పెట్టె మీద దాని మెమరీ బాట 128 బిట్ అని ఉంటుంది కాబట్టి 64 బిట్ వాటికన్నా గొప్పదనిపిస్తుంది. కానీ డ్రైవర్ల కథ ముందుగా ముగిసింది దానిదే. జీటీ 1030ది ఇంకో కథ. 2017లో వచ్చిన జీడీడీఆర్5 కార్డు సెకనుకు 48 గిగాబైట్లు మోస్తుంది. 2018లో అదే పేరుతో డీడీఆర్4 మెమరీ పెట్టి ఇంకొకటి వదిలారు. అది మోసేది 16.8 గిగాబైట్లు, అంటే దాదాపు మూడో వంతు. ఎఫెక్ట్స్‌కు అదీ సరిపోతుంది, నిజమే. కానీ జీడీడీఆర్5 ధర తీసుకుని డీడీఆర్4 చేతిలో పెడితే ఊరుకోకూడదు. పెట్టె మీద ఆ అక్షరాలు వెతికి చదవండి.

ఇక డ్రైవర్ల ఆయుష్షు. ఎన్విడియా ఫెర్మీ తరానికి ఎప్పుడో సెలవు చెప్పింది. కెప్లర్‌కు 470 వరసే చివరిది, దానికి భద్రతా సవరణలు కూడా 2024తో అయిపోయాయి. జీటీ 1030 ఉన్న పాస్కల్ తరానికి కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆపి, భద్రతా సవరణలు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తామని ఎన్విడియా ప్రకటించింది. అంటే విండోస్‌లో ఎఫెక్ట్స్ కోసం కొనేవాళ్లకు 1030 ఇప్పటికీ నిబ్బరంగా ఉండే కార్డే. ఆ పాత తరాల 710, 730 కొత్తగా కొనకండి. ఎవరైనా ఊరికే ఇస్తే వాడుకోండి.

లినక్స్ వేసుకునేవాళ్లు మాత్రం ఏఎమ్‌డీ వైపు చూడండి. రేడియాన్ ఆర్‌ఎక్స్ 550 కూడా 2017 నాటిదే. దానికి కావలసిన డ్రైవర్ లినక్స్ లోపలే ఉంటుంది. విడిగా ఏమీ దింపుకోనక్కర్లేదు, ఓపెన్ సోర్స్ కాబట్టి కంపెనీ వదిలేసినా నిలబెట్టేవాళ్లుంటారు. 2010 నాటి రేడియాన్ హెచ్‌డీ 5450కి విండోస్ డ్రైవర్లు ఆగిపోయి చాలా ఏళ్లయింది, లినక్స్‌లో మాత్రం అది ఇప్పటికీ తెరను పేరుస్తోంది. మాలాంటి ఊళ్లో నెట్ ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. డ్రైవర్ లోపలే ఉండటం ఎంత ఉపకారమో ఇక్కడివాళ్లకే తెలుస్తుంది. ఇంటెల్ తెచ్చిన ఆర్క్ ఏ310 మంచిదే కానీ అది పూర్తి వేగంతో నడవాలంటే రీసైజబుల్ బార్ అనే సౌకర్యం ఉన్న కొత్త బోర్డు కావాలి. పాత డబ్బాకు దాన్ని అంటగట్టకండి. ఆర్‌ఎక్స్ 6400 ఈ పనికి మించిన కార్డు, ధర కూడా ఆ మేరకే.   

క్యాబినెట్ కొలత మరిచిపోవద్దు. ఆఫీసు నుంచి వచ్చిన సన్న డబ్బాల్లో మామూలు ఎత్తు కార్డు పట్టదు. లో ప్రొఫైల్ కార్డు అడగండి, పొట్టి బ్రాకెట్ కార్డు పెట్టెలో ఉందో లేదో విప్పి చూడండి. కరెంటు గురించి భయపడక్కర్లేదు. 1030కి 30 వాట్లు, ఆర్‌ఎక్స్ 550కి 50 వాట్లు. స్లాటు నుంచే 75 వాట్ల దాకా వస్తుంది కాబట్టి విడిగా వైరు అక్కర్లేదు, పాత ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చక్కర్లేదు. మానిటర్ తీగ మాత్రం చూసుకోండి. మన దగ్గర నీలం రంగు వీజీఏ తీగ మానిటర్లు ఇంకా చాలా ఉన్నాయి. జీటీ 1030లోనూ ఆర్‌ఎక్స్ 550లోనూ వీజీఏకు కావలసిన పాతరకం సిగ్నల్ రాదు. కన్వర్టర్ కావాలి, చవక రకం పిన్నుల అడాప్టర్ పనిచేయదు. ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

మా వైపు ఎర్రమట్టి దుమ్ము మీకు తెలిసిందే. చిన్న కార్డుల మీది బుల్లి ఫ్యాన్ ఆ దుమ్ముకే ముందు ఆగిపోతుంది. ఫ్యాన్ లేకుండా పెద్ద అల్యూమినియం రెక్కలున్న 1030 దొరికితే ఇక్కడికి అదే మంచిది. అయితే క్యాబినెట్‌లో గాలి ఆడే ఏర్పాటు ఉండాలి, మే నెలలో మూత బిగించిన సన్న డబ్బాలో అలాంటి కార్డు ఉడికిపోతుంది. ఉరుములు మొదలయ్యే కాలంలో యూపీఎస్ లేకుండా కార్డే కాదు, ఏ సిస్టమూ నడపకండి.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా అని అడుగుతారు. తీసుకోవచ్చు, చూసి తీసుకోండి. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే డిజిటల్ నాణెం పద్ధతి మారి కార్డులతో దాన్ని తవ్వే పని ఆగిపోయింది. అంతదాకా రాత్రింబవళ్లు నడిచిన పెద్ద కార్డులు బోలెడు పాత బజారుకు చేరాయి. మనం వెతికే చిన్న కార్డులకు ఆ బెడద తక్కువ. వాటికి నకిలీల బెడద ఎక్కువ. పాత చిప్‌లో కొత్త పేరు రాసి అమ్ముతారు, విండోస్ కూడా ఆ అబద్ధపు పేరే చూపిస్తుంది. జీపీయూ–జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ 2018 నుంచి ఎన్విడియా నకిలీలను పట్టి పేరు ముందు ఫేక్ అని చూపిస్తోంది. డబ్బు చేతులు మారకముందే దాన్ని నడిపించి చూపించమనండి. ఒప్పుకోని దుకాణం నుంచి లేచి వచ్చేయండి.

గీదంలో ఉన్నవాళ్లకు కార్డు జగదల్పూర్ నుంచో, రాయ్‌పూర్ నుంచో, రైల్లో విశాఖ నుంచో రావాలి. చుట్టాలెవరైనా సికింద్రాబాదు వెళ్తుంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తెమ్మని చెప్తాం. తెచ్చాక పట్టకపోతే తిరిగి పంపడం కొనడం కన్నా కష్టం. కాబట్టి ఒక చీటీ తీసుకుని మీ బోర్డు పేరు, ప్రాసెసర్ పేరు చివరి అక్షరంతో సహా, క్యాబినెట్ సన్నదా మామూలుదా, మానిటర్‌కు ఏ తీగ, విండోసా లినక్సా, ఇవి రాసి తెచ్చేవాళ్ల చేతిలో పెట్టండి. ధరలు నేను చెప్పను, ఈ నెల ధర వచ్చే నెల ఉండదు. విండోస్ అయితే జీడీడీఆర్5 ఉన్న జీటీ 1030, లినక్స్ అయితే ఆర్‌ఎక్స్ 550. ఇంతకు మించి ఎఫెక్ట్స్ కోసం రూపాయి పెట్టకండి. సీరియల్ నంబరు వేసిన జీఎస్‌టీ బిల్లు లేకుండా ఏదీ తీసుకోకండి, వారంటీకి వెళ్లాల్సిన సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో ఉందో ముందే అడిగి అదే చీటీ వెనక రాసి ఉంచుకోండి.